బాబాయి గారి ఆరు వోల్టులు

మన కుటుంబాల్లో ఎలక్ట్రీషియన్ పదవి చదువును బట్టి రాదు, కొట్టించుకున్న షాకులను బట్టి వస్తుంది. ఆ లెక్కన మా బాబాయి బాగా సీనియర్. దీపావళి వారమంతా ఆయన భుజాన తువ్వాలు, జేబులో టెస్టరు, నోట్లో తీగ. తీగ తొడుగు పళ్లతోనే ఒలుస్తాడు. ఇంట్లో కటింగ్ ప్లయర్ లేక కాదు. అది ఎప్పుడో వంటింట్లో పట్టకారుగా స్థిరపడిపోయింది.

ఒలిచిన కొసలు సాకెట్ బొక్కల్లోకి దోపి రెండు అగ్గిపుల్లలతో బిగిస్తాడు. ఎక్కడ నిప్పు పుడుతుందో అని భయపడాల్సిన చోట అగ్గిపుల్లనే కాపలా పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. తీగ కాస్త వదులైతే చాలు, లోపల చిటపటలు. సాకెట్ వేడెక్కి అంచులు నల్లబడ్డాయి. "దిష్టిచుక్కరా అది" అంటాడు.

ఆయన ఆస్తి ఒక పాతకాలపు సీరియల్ సెట్టు. కొన్నప్పుడు బుల్లి బల్బులు 40. గోడలోంచి వచ్చే 230 వోల్టులను తలా ఆరు చొప్పున పంచుకునేవి. ఒకటి పోతే అన్నీ ఆరతాయి. బాబాయి ఏటా పోయినదాన్ని కోసి పారేసి, రెండు కొసలూ మెలిపెట్టి, టేపు చుట్టడం మాత్రం వచ్చే ఏటికి వాయిదా వేస్తాడు. పోయినవాళ్ల వాటా ఉన్నవాళ్లకు చేరుతుంది కనక మిగిలినవి ఇంకా జోరుగా వెలిగి ఇంకా తొందరగా పోతాయి. ఇప్పుడు 31 ఉన్నాయి.

"ఒక్కోదానికి ఆరు వోల్టులేరా, చీమ కుట్టినట్టు కూడా ఉండదు!"

ఆ ఆరూ బల్బుకి ఈ కొసకీ ఆ కొసకీ మధ్య. తడి నేల మీద ఒట్టికాళ్లతో నిలబడి ఫేజు వైపు మెలిక పట్టుకుంటే మాత్రం పంపకాలేం ఉండవు, మొత్తం మనకే.

సెట్టు వేలాడేది బాల్కనీ ఇనప గ్రిల్లుకి. మా కోస్తాలో దీపావళికి వాన పడకపోతేనే వింత. అందుకే పిన్ని కిందటేడు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించింది. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది సరఫరా ఆపేస్తుంది. "సంచీ ఇచ్చి మిమ్మల్ని బజారుకి పంపినప్పుడు నేను చూసే లెక్కేగా" అంది పిన్ని.

మొన్న తుంపర మొదలవగానే అది టప్పుమంది. ఇల్లంతా చీకటి. "ఇది పాడైందే" అని బాబాయి లేపాడు. మళ్లీ పడింది. ఇంకోసారి లేపబోతుంటే పిన్ని టెస్టరు లాక్కుని, మర్నాడే ఐఎస్ఐ ముద్ర ఉన్న ఎల్ఈడీ సెట్టు తెచ్చింది. వానకి తడిసినా ఫర్వాలేనిది. దానికి ప్లగ్గు కూడా ఉంది.

బాబాయి ఆ ప్లగ్గు విప్పుతున్నాడు.

"అదెందుకండీ ఇప్పుడు?"

"లోపల ఎర్తు ఇచ్చాడో లేదో చూస్తానే."

రెండు పిన్నుల ప్లగ్గులో ఎర్తు ఎక్కడిది బాబాయ్ అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. అడిగితే మూడో పిన్ను ఆయనే పెడతాడు.