మంచోణ్ణి వెతకొద్దు

రాజవొమ్మంగి మండలంలో ఓటున్నవాళ్ళకి నాలుగు మాటలు చెబుతాను. అడ్డదిడ్డంగా ఉన్నాయనిపించినా వినండి.

ఎన్నికలప్పుడు మంచోడెవరని ఆరా తీయకండి. మంచితనాన్ని నమ్ముకునే ఇన్నాళ్ళూ మోసపోయాం. 1993 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం అవిశ్వాసం నుంచి గట్టెక్కింది. డబ్బు తీసుకుని ఓటేశారని జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల మీద కేసు పడితే, సభలో వేసిన ఓటు కాబట్టి విచారణ కుదరదని 1998లో సుప్రీంకోర్టు వదిలేసింది. గిరిజనుల పేరు చెప్పుకుని గెలిచినవాళ్ళు వాళ్ళు! ఆ తీర్పు తప్పని ఏడుగురు జడ్జీలు చెప్పేసరికి 2024 మార్చి 4 వచ్చింది.

దానికీ సంబరపడకండి. నోట్లకట్టయితే పట్టుకోవచ్చు, పదవి ఎర వేస్తే? 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్ళారు. మన రంపచోడవరం సభ్యురాలూ వాళ్ళలో ఉన్నారు. 2017లో నలుగురు మంత్రులయ్యారు. ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉంది. తేల్చాల్సిన స్పీకర్ తేల్చనే లేదు, సభ గడువు తీరిపోయింది. స్పీకర్‌కి గడువు పెట్టని సంస్కరణ నా లెక్కలో సంస్కరణే కాదు.

ఆస్తుల అఫిడవిట్ ఒక్కటే చదివితే లాభం లేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత పెరిగిందో తెలుస్తుంది, ఎవరి పని చేసిపెడితే పెరిగిందో అందులో ఉండదు. పైరవీకారుల పేర్లు నమోదు చేయించే చట్టం ఈ దేశంలో లేదు.

సిఫార్సు ఉత్తరం కోసం ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళకండి. మేలు పొందాక నోరు లేవదు.

ఇక గ్రామసభ. మీరు కాపలా కాయాల్సింది ఇక్కడ. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో చిన్నతరహా ఖనిజాల లీజుకి గ్రామసభ గానీ పంచాయతీ గానీ ముందు సిఫార్సు చెయ్యాలి. అందుకే పైరవీ ఊళ్ళోకి దిగొస్తుంది. రిజిస్టర్‌లో పైసగం తెల్లగా ఉంచి కింద వేలిముద్రలు వేయమంటారు, తీర్మానం తర్వాత రాసుకుంటామంటారు. వేయకండి. తీర్మానం రాయించి, పైకి చదివించి, మిగిలిన ఖాళీకి అడ్డగీత కొట్టించాకే వేలు సిరాలో పెట్టండి. పొద్దుపోయిందని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.