బల్బు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. వేడి తక్కువైన వెలుగు తక్కువ గాదు
పాతికేల గంట బ్రతుకు నంద్రు
చిప్పు చావకున్న చిన్న కెపాసిటర్
తాను చచ్చు, దానిఁ దాను చంపు

ప్రతిపదార్థం: వేడి = ముట్టుకున్నవాడి వేళ్లు చురుక్కుమనిపించు గుణము; తక్కువైనన్ = కొద్దిదైనప్పటికీ; వెలుగు = ల్యూమెన్లలో కొలవదగినది (వాట్లలో కాదు); తక్కువ గాదు = తగ్గదు; పాతికేల గంట = ఇరవై ఐదు వేల గంటల పాటు; బ్రతుకున్ = జీవించును; అంద్రు = (అట్టపెట్టె అచ్చువేసినవారు) అందురు; చిప్పు = వెలుగు పుట్టు పచ్చని చుక్క; చావకున్నన్ = ప్రాణాలతోనే ఉన్నప్పటికీ; చిన్న కెపాసిటర్ = బల్బు అడుగున కరెంటును చదునుచేయు బుల్లి డబ్బా; తాను చచ్చున్ = ముందుగా పోవును; దానిన్ = ఆ చిప్పును; తాను చంపున్ = వెంటబెట్టుకుపోవును.

తాత్పర్యం: ఎల్‌ఈడీ బల్బు కొద్ది వేడితో దండిగా వెలుగిస్తుంది. చిరంజీవి అని పెట్టె మీద రాసి ఉంటుంది. వెలిగేది బాగానే ఉంటుంది, వెలిగించేది పోతుంది.

విశేషాలు: 'తక్కువైనన్' అన్నాడే గాని 'లేకున్నన్' అనలేదు. ఇందులో కవి జాగ్రత్త గమనించాలి. ఎల్‌ఈడీలోనూ వేడి పుడుతుంది. కాకపోతే పాత బల్బులా దాన్ని గదిలోకి చిమ్మదు, ఒంట్లోనే దాచుకుంటుంది. నాలుగో పాదంలోని హత్యకు బీజం ఇక్కడే ఉంది.

తొలి పాదంలో పేరెత్తకుండానే నిందించినది తీగబల్బును. టంగ్‌స్టన్ తీగ దాదాపు 2,500 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాగితే గాని తెల్లగా వెలగదు, తిన్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడికే పోతుంది. 60 వాట్ల తీగబల్బు వెయ్యి గంటలకు 60 యూనిట్లు తాగి ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ 9 యూనిట్లతో ఇస్తుంది. 2021లో గ్రామ ఉజాలా పథకం కింద విజయవాడ ప్రాంతంతో సహా కొన్ని చోట్ల పది రూపాయలకే ఎల్‌ఈడీ ఇచ్చారు. అప్పటి నియమమేమిటంటే, బదులుగా ఇచ్చే పాత బల్బు వెలుగుతూ ఉండాలి. మాడిపోయినది తెస్తే చెల్లేది కాదు. న్యాయమే మరి, చచ్చిన బల్బు యూనిట్లు కాల్చదు.

ఆక్షేపం: తీగబల్బు వెయ్యి గంటలకే పోవడం తయారీదారుల కుట్ర కదా? 1924లో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ తదితరులు ఫీబస్ కూటమి కట్టి, వెయ్యి గంటలకు మించి బతికే బల్బు చేసిన సభ్యుడికి జరిమానా వేయలేదా?

సమాధానం: వేశారు. అయినా తీగ స్వభావం కూడా వినాలి. ఓల్టేజి అయిదు శాతం తగ్గిస్తే తీగబల్బు ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది, వెలుగు మాత్రం ఆరోవంతు పోతుంది. కాలిఫోర్నియాలో లివర్‌మోర్ ఫైర్ స్టేషన్ బల్బు 1901 నుంచి వెలుగుతోందని చేతులు జోడించేవారు, ఇప్పుడది నాలుగు వాట్ల మిణుకు మాత్రమేనని చెప్పరు. దాని కింద కూర్చుని పేపరు చదవలేం. తీగబల్బుకు దీర్ఘాయువూ తేజస్సూ కలిసి రావు. కూటమి దురాశ నిజమే, భౌతికశాస్త్రం కూడా నిజమే.

'పాతికేల': 'వే'ను మింగడం గ్రామ్యమని ఛాందసులు. గణం కుదరక మింగాడని మా అభిప్రాయం.

'అంద్రు': పద్యానికి ఆయువుపట్టు ఈ మాట. కవి తాను సాక్ష్యం చెప్పకుండా తప్పుకున్నాడు. రోజుకు అయిదు గంటల చొప్పున పాతిక వేల గంటలంటే పదమూడేళ్ల పైచిలుకు, వారంటీ చూస్తే ఏడాదో, రెండేళ్లో. అచ్చువేసినవారిని అబద్ధాలకోరులనలేం. వారు లెక్క కట్టింది చిప్పుకు. దానికి చావంటే ఆరిపోవడం కాదు, తొలినాటి వెలుగులో 70 శాతానికి దిగడం.

'చిప్పు': పచ్చదనం పైపూతదే, లోపలిది నీలం. ఆ నీలాన్ని సాధించినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ వచ్చింది. కెపాసిటరుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, కసి అందుకే కాబోలు.

'తాను చచ్చు': కెపాసిటరు పొట్టలోని ద్రవం వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మన ఇళ్లలో బల్బును తలకిందులుగా వేలాడదీస్తాం, వేడి పైకెక్కి సరిగ్గా కెపాసిటరున్న చోటే గూడు కడుతుంది. దానిపైన గాలాడని గాజుబుడ్డి కూడా బిగించామంటే పాతికేలను మనమే కోసేసినట్టు. చవకబారు బల్బుల్లో ముందు కోత పడేదీ కెపాసిటరుండే డ్రైవరు సర్క్యూటుకూ, వేడి లాగే అల్యూమినియానికే.

అయితే చిప్పు ఎన్నడూ ముందు చావదా? చస్తుంది. చిప్పులన్నీ ఒకే వరుసలో దండ గుచ్చినట్టుంటాయి, ఒక్కటి మాడినా బల్బంతా చీకటి. మూత తీస్తే ఆ ఒక్కదాని నెత్తిన నల్లచుక్క కనిపిస్తుంది. ఇది కవి వదిలేశాడు, ఆటవెలదికి నాలుగు పాదాలే.

సీఎఫ్‌ఎల్ ఊసు పద్యంలో లేదు. అది 14 వాట్లకే 60 వాట్ల తీగబల్బు వెలుగు ఇచ్చేది, ఆరు నుంచి ఎనిమిది వేల గంటలు బతికేది. మాటిమాటికీ స్విచ్చి వేసే స్నానాలగదిలో మాత్రం అల్పాయువు. పైగా కడుపులో పాదరసం. ట్యూబులైటును కూడా విడిచాడు, చోకు తినే పది వాట్లను ఎవరి ఖాతాలో రాయాలో తేలక.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అంగడిలో, డబ్బులిచ్చే ముందు, వాట్ల అంకె వదిలి ల్యూమెన్ల అంకె చూస్తూ పఠించినవారికి కరెంటు బిల్లు తగ్గును. బల్బు గడువులోగా పోయినచో మార్పిడియు సిద్ధించును. కొన్న రశీదు పోగొట్టుకున్నవారికి ఈ ఫలము వర్తించదు.