చారు నురగ కక్కిన రోజు

మా దేవుడి గది ముందు పాలరాతి మీద అరచేయంత మచ్చ ఒకటుంది. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని చూసి "పాలు ఒలికాయా?" అని అడుగుతారు. మా ఆవిడ నావైపు ఓరగా చూసి, "పాలు కాదండీ, మా వారి తెలివి ఒలికింది" అంటుంది. ఏడాదిన్నరగా ఇదే మాట. ఎదురు చెప్పడానికి నాకు ముఖం చాలదు. అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకేసారి ఒప్పేసుకోవడం మేలనిపించి రాస్తున్నాను.

నెల సరుకుల చీటీతో మొదలైంది. బట్టల పౌడరు, గిన్నెలు తోమే సబ్బు, ఫినాయిలు, బాత్రూం యాసిడ్, ఒంటి సబ్బులు, షాంపూ అన్నీ కలిపి పదకొండు వందలు. జన్మలో ఒక గిన్నె తోమని మనిషిని, ఒక గుడ్డ ఉతకని మనిషిని. కానీ చీటీ చూడగానే ఆవేశం వచ్చింది. "ఇంత డబ్బు పోసి ఇంట్లోకి విషం తెచ్చుకుంటున్నామా? మా అమ్మ కుంకుడుకాయతో, సున్నిపిండితో, బూడిదతో మమ్మల్నందర్నీ పెంచలేదూ?" అని ఉపన్యాసమిచ్చాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. చివర్లో ఒకే మాట అడిగింది. "ఎవరు చేస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా బజారుకెళ్లాను. మొదటి తప్పు అదే.

పొదుపు కోసం బయల్దేరినవాణ్ణి ముందు ఖర్చు పెట్టాను. వెదురు పళ్లబ్రష్‌లు నాలుగు, రాగి నాలుక బద్దలు రెండు, చేత్తో చేసినవంటూ నారతాడు కట్టి అమ్మే సబ్బులు నాలుగు, పైన ఆకు బొమ్మ వేసిన కుంకుడు పొడి అరకిలో, ఒకే రకం గాజు సీసాలు డజను. వంటసోడా, వెనిగర్ కూడా కలిపి 3,460 రూపాయలు. మూడు నెలల చీటీ ఒక్క పూటలో అయిపోయింది. సహజంగా బతకాలంటే ముందు సీసాలు అందంగా ఉండాలని నాకెందుకు తోచిందో ఇప్పటికీ తెలీదు. బేగంబజారులో కిలో కుంకుళ్లు నేను కొన్న అరకిలో పొడికి సగం ధర అని వారం తర్వాత తెలిసింది. వెదురు బ్రష్‌లకి వానాకాలం రాగానే బూజు పట్టింది.

మొదటి ప్రయోగం వంటింటి సింకు మీద. వంటసోడా చల్లి, దాని మీద వెనిగర్ పోశాను. బుసబుసమని నురగ పొంగింది. దీపావళి నాడు చిచ్చుబుడ్డి వెలిగించిన పిల్లాడిలా మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. సింకు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. పక్క ఫ్లాటులో రిటైరైన కెమిస్ట్రీ మాస్టారున్నారు. నా గొప్ప ఆయన దాకా వెళ్లింది.

"ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. నువ్వు చూసిన నురగ కార్బన్ డయాక్సైడు. మిగిలింది కాస్త సోడియం అసిటేటు కలిసిన నీళ్లు. దాంతో సింకేం తోముతావు? విడివిడిగా వాడు, రెండూ పనికొస్తాయి. సోడాతో రుద్దు. కుళాయిల మీద బోరునీళ్లు కట్టిన తెల్లటి పొరకి వెనిగర్ పెట్టు" అన్నారు. గుమ్మం దిగబోతుంటే వెనక్కి పిలిచి, "బాత్రూంలో బ్లీచింగ్ పౌడరు వేసిన చోట మాత్రం వెనిగర్ పోయకు. క్లోరిన్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులు పోతాయి" అని హెచ్చరించారు. సరిగ్గా ఆ మధ్యాహ్నం నేను చెయ్యబోయింది అదే. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కుళాయిల సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. వెనిగర్‌కి బదులు నిమ్మచెక్క రుద్దినా కుళాయి అద్దంలా వచ్చింది. ఒక గెలుపు చాలు కదా మూర్ఖుడికి. శ్రావణ శుక్రవారం ముందురోజు, దేవుడి గది ముందు నూనె మరక కనిపించింది. కుళాయిని మెరిపించిన నిమ్మకాయ రాతిని మెరిపించదా అని మిగిలిన చెక్కలన్నీ పిండి అరగంట వదిలేశాను. పాలరాయి కాల్షియం కార్బొనేటు. కుళాయి మీది తెల్లపొర కూడా దాదాపు అదే. నిమ్మరసం పొరని తిన్నట్టే రాయినీ తింది. నూనె మరక పోయింది, దానితో పాటు మెరుపూ పోయింది. పాలిష్ మేస్త్రీ వచ్చి 2,500 అడిగాడు. పొదుపు యజ్ఞంలో ఉన్నవాణ్ణి గదా, మచ్చతోనే సరిపెట్టుకున్నాను.

ఇక బత్తాయి తొక్కల సంగతి. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెడితే నేల తుడిచే ద్రావకం తయారవుతుందని ఎవరో చెప్పారు. మా సందు చివర జ్యూస్ బండివాడు తొక్కలు ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చింది కాబట్టి సంచెడు తెచ్చాను. నా అందమైన గాజు సీసాల్లో రెండు నింపి, మూతలు పట్టకారుతో బిగించి అటక మీద పెట్టాను. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుందని, మొదటి నెల రోజూ మూత తీసి దాన్ని వదలాలని, గాజు సీసాలో అసలు పెట్టకూడదని చెప్పినవాడు చెప్పలేదో, చెప్పినా నా చెవికెక్కలేదో!

పదిహేడో రోజు రాత్రి రెండున్నరకి వంటింట్లో బాంబు పేలింది. మా ఆవిడ గ్యాస్ సిలిండరనుకుని కేక పెట్టింది. నేను కాగడాలా టార్చి పట్టుకుని వెళ్లేసరికి అటక నుంచి బెల్లపు నీళ్లు ధారగా కారుతున్నాయి. గోడకి గాజుముక్కలు, ఫ్యాను రెక్క మీద బత్తాయి తొక్క. రెండో సీసా ఇంకా పేలలేదు. దాని మూత తియ్యడానికి నేను హెల్మెట్ పెట్టుకున్నాను. మా అబ్బాయి ఫొటో తీశాడు. అది ఇప్పటికీ మా చుట్టాల ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

ఇవన్నీ ఒకెత్తు, చారు ఒకెత్తు.

కుంకుడుకాయలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే గింజ తీసి, ఉడకబెట్టి, పిసికి, వడకట్టిన పులుసుతో మెషీన్లో బట్టలు ఉతకొచ్చని కనిపెట్టాను. ఆ పులుసు రెండు మూడు రోజులకే కంపు కొడుతుంది. అందుకని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆవిడకి ఆదివారం నాడు వారానికి సరిపడా చింతపండు పులుసు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకునే అలవాటు. తను కూడా నేను తెచ్చిన సీసాలోనే పెట్టింది. డజను సీసాలూ ఒకే రకం. రెండింటి రంగూ ఒకటే. చీటీ అంటించాలన్న ఆలోచన, ఇన్ని ఆలోచనలు చేసిన నా బుర్రకి రాలేదు.

ఆ రోజు భోజనానికి మా తోడల్లుడుగారు వచ్చారు. మా ఆవిడకి అక్క మొగుడు, మాటకి ముందు వంక వెతికే మనిషి. చారు పెట్టడంలో మా ఆవిడది అందెవేసిన చెయ్యి. చారు మరిగిపోకూడదు, నురగ కట్టగానే దించేయాలన్నది వాళ్లమ్మ నేర్పిన సూత్రం. ఆ రోజు నురగ మామూలుగా కట్టలేదు. గిన్నె అంచు దాటి, పాలపొంగులా, తెల్లగా, మెత్తగా పొయ్యి మీదకి దిగింది. "కొత్త చింతపండు, చూశారా ఎంత బాగా నురగొచ్చిందో" అని మురిసిపోయింది పాపం. ఇంగువ పోపు పడేసరికి వాసన కూడా తేడా తెలియలేదు.

తోడల్లుడుగారు అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోయించుకుని తాగే రకం. ఒక గుటక వేశారు. కళ్లు గట్టిగా మూసుకుని, కాసేపాగి తెరిచి, మీసాల మీది నురగ తుడుచుకుంటూ నావైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "తమ్ముడూ, ఇది లోపలికా, తలకా?"

కుంకుడు తొక్కలో నురగనిచ్చే పదార్థాన్ని సపోనిన్లంటారని, అవి చేపలకి విషమని తర్వాత మాస్టారు చెప్పారు. "చెట్టుకి కాసింది కదా అని సాధువనుకోకు, గన్నేరు కూడా చెట్టుకే పూస్తుంది" అన్నారు. తోడల్లుడుగారికి ఆ పూట కడుపులో వికారం తప్ప మరేం కాలేదు. మా ఆవిడ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఇంకా చెప్పలేదు. గిన్నెల సబ్బు ఆపేసి, బూడిద, కొబ్బరిపీచు తెచ్చి పనమ్మాయికిచ్చాను. ఆమెది మహబూబ్‌నగర్ వైపు పల్లె. బూడిద డబ్బా చూసి నవ్వింది. "మా ఊర్ల బూడిదతోటి తోమి తోమి గోర్లు అరిగినయ్ సార్. పట్నమొస్తే గీడ గూడ బూడిదేనా?" నవ్వుతూనే అంది. వేళ్లు చూపించింది. నేను డబ్బా తీసి లోపల పెట్టేశాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఊళ్లో ఉంటుంది, డెబ్బై ఎనిమిదేళ్లు. కనీసం తనైనా నా పక్కన నిలబడుతుందని ఆశ. "అమ్మా, ఆ రోజుల్లో కుంకుడుకాయలతో తలంట్లు ఎంత బాగుండేవి!" అన్నాను. "ఎవరికి బాగుండేవిరా?" అంది. "తెల్లారగట్ల కాయలు కొట్టి, గింజలేరి, నీళ్లు కాచి, నలుగురు పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి తలంటి పోసేసరికి ఆదివారం మధ్యాహ్నమయ్యేది. పులుసు కంట్లో పడిందని నువ్వు ఊరంతా వినపడేలా ఏడిస్తే, నోట్లో ఉప్పుకల్లు వేసి ఊరుకోబెట్టేదాన్ని. షాంపూ ప్యాకెట్లొచ్చాయి చూడు, ఆ వారం ఆదివారం పూట భోజనం చేసి గంటసేపు పడుకున్నాను. పెళ్లయ్యాక అదే మొదటిసారి."

అవతల అమ్మ ఇంకేదో చెబుతోంది. నాకు మాత్రం మా ఆవిడ మొదటిరోజు అడిగిన ప్రశ్నే మళ్లీ వినపడింది. ఎవరు చేస్తారు? కుంకుళ్ల ధర కట్టాను, సబ్బు ధర కట్టాను, సీసాల ధర కూడా కట్టాను. చేతుల ధర కట్టలేదు. అవి మా అమ్మవి, మా ఆవిడవి, పనమ్మాయివి కాబట్టి అవి కూడా జ్యూస్ బండి తొక్కల్లా ఊరికే వచ్చాయనుకున్నాను.

మర్నాడు మా ఆవిడ ఒక చట్టం చేసింది. ఏ సహజ వస్తువైనా సరే, నేనే నూరి, నేనే వడకట్టి, వాడాక ఆ గిన్నె కూడా నేనే కడిగితేనే ఇంట్లోకి రానిస్తుంది. చట్టం వచ్చిన నెల రోజుల్లో నా పర్యావరణ ప్రేమలో ముప్పావు వంతు ఎగిరిపోయింది. మిగిలిన పావు వంతు మాత్రం గట్టిదే. పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పితో ఆదివారం ఇత్తడి దీపాలు తోముతాను. పైసా ఖర్చు లేదు, బంగారంలా వస్తాయి. పాత బనియన్లు కత్తిరించి తుడిచే గుడ్డలు చేశాను. బీరకాయ ముదిరితే ఎండబెట్టి ఒళ్లు రుద్దుకునే పీచు తీస్తాను. పెసరపిండి, శనగపిండి, పసుపు కలిపి పండగలకి నలుగుపిండి కలిపేది నేనే.

అసలైన పొదుపు మాత్రం వీటిలో దేన్లోనూ దొరకలేదు. బట్టల పౌడరు సంచి వెనకున్న సన్నక్షరాలు కళ్లజోడు పెట్టుకుని చదివిన రోజు దొరికింది. మేం వేస్తున్న దాంట్లో సగం చాలట. ఫినాయిలు బకెట్టుకి మూతెడు చాలు, మేం గ్లాసు పోసేవాళ్లం. సబ్బు కాగితం మీద టీఎఫ్ఎం అని ఉంటుంది, అందులో కొవ్వు పదార్థం ఎంతో చెప్పే లెక్క. 76 శాతమో ఆ పైనో ఉంటే ఒకటో గ్రేడు. నారతాడు సబ్బు మీద ఆ అంకే లేదు, మేం ఎప్పట్నుంచో వాడుతున్న మామూలు సబ్బు ఒకటో గ్రేడేనని తేలింది. ఇప్పుడు చీటీ ఏడు వందలు దాటడం లేదు. ఇంట్లోకి కొత్తది ఏదీ తేలేదు, పోసేది తగ్గించాం, అంతే.

మొన్న దీపావళికి అమ్మ వచ్చింది. రాత్రే కుంకుళ్లు నానబెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గింజలు నేనే తీసి, నేనే కొట్టి, నీళ్లు కాచి పులుసు కలిపాను. వేళ్ల చర్మం ముడతలు పడి, నడుం పట్టేసింది. తలంటు నీళ్లతో పాటు పులుసు చెంబు తీసుకెళ్లి బాత్రూం గుమ్మంలో పెట్టి, పక్కనే ఉప్పుకల్లు కూడా పెట్టి, "అమ్మా, అంతా నేనే చేశాను" అన్నాను. అమ్మ చెంబులోకి వంగి చూసింది, వాసన చూసింది, నా వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగా చేశావురా. కోడలికి పొయ్యి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఒక షాంపూ ప్యాకెట్ ఉంటే నాకిటియ్యి" అంది.