దిండుకు హామీ, స్ట్రాకు వాయిదా

దేశం దాటిన దొరల్ని అప్పగించమంటే లండన్ జడ్జీలు మానవ హక్కులంటూ అడ్డం పడుతున్నారని టీవీ చర్చల్లో ఒకటే గోల. దొంగకు హక్కులేమిటండీ అని యాంకరు బల్ల గుద్దుతాడు. నిజమే, ఆ హక్కులవల్ల మనకెంత కష్టం! ముంబై ఆర్థర్ రోడ్ జైల్లో పన్నెండో నంబరు బ్యారక్‌ను ముస్తాబు చేయాల్సొచ్చింది.

బ్యాంకు అప్పుల కేసులో లండన్ చేరిన విజయ్ మాల్యాను ఉంచే గదిలో వెలుతురు పడుతుందో లేదో వీడియో తీసి పంపమంది 2018లో లండన్ కోర్టు. పంపారు. ఈమధ్యే బాగుచేయించారని జడ్జిగారు తీర్పులోనే రాసి, అప్పగించవచ్చన్నారు. పెళ్లిచూపులకని సున్నం కొట్టించిన సంగతి పెళ్లివారు పసిగట్టినా సంబంధం ఖాయమైందన్నమాట. ఆయన ఇంకా రాలేదంటే అడ్డం జైలు కాదు, అదేదో రహస్య న్యాయ ప్రక్రియట.

ఇక బ్యాంకు మోసం కేసులో బెల్జియంలో దొరికిన మెహుల్ చోక్సీ కోసం 2025లో మన హోంశాఖ రాసిచ్చిన హామీ చూడండి. కనీసం మూడు చదరపు మీటర్ల సొంత చోటు, మందపాటి నూలు పరుపు, దిండు, దుప్పటి, ఉండేది అదే పన్నెండో బ్యారక్. ఆ జైల్లో పట్టేది వెయ్యి మంది లోపే. ఏళ్ల తరబడి అంతకు మూడింతలకు పైగా కుక్కుతున్నారు. వాళ్ల దిండ్ల గురించి ఏ దేశమూ అడగలేదు మరి.

ముంబై పక్కనే తలోజా జైలు. 2020లో 83 ఏళ్ల ఆదివాసీ హక్కుల కార్యకర్త స్టాన్ స్వామి, పార్కిన్సన్స్‌తో గ్లాసు పట్టుకోలేక, తన స్ట్రా, సిప్పర్ ఇప్పించమని కోర్టుకెళ్లారు. జవాబివ్వడానికి, ఆయన్ని అరెస్టు చేసిన జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ ఇరవై రోజుల గడువడిగింది. గడువయ్యాక, అవి మా దగ్గర లేవంది. మరుసటేడు జులైలో, బెయిలు తేలకుండానే, విచారణ ఖైదీగానే ఆ పెద్దాయన పోయారు. పాపం, అరెస్టుకు ముందు ఓసారి బ్రస్సెల్స్ వెళ్లొచ్చుంటే దిండుతోపాటు స్ట్రా కూడా హామీపత్రంలో చేరేది.

కాబట్టి నేరం చేయదలచినవారికి, చేయకపోయినా ఇరుక్కునే వీలున్నవారికి నా సలహా: ముందు విమానం టికెట్టు కొనుక్కోండి. జైలు వసతి సంగతి విదేశీ జడ్జీలు చూసుకుంటారు.

అన్నిసార్లూ కాగితం హామీలు పారవు లెండి. తీహార్ జైల్లో తోటి ఖైదీలో సిబ్బందో బెదిరించి డబ్బు గుంజే ప్రమాదముందంటూ 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆయుధ వ్యాపారి సంజయ్ భండారీని పంపనంది. మన స్టూడియోలు కోర్టును తిట్టిపోశాయి. తీహార్‌ను ఎవరూ ఏమీ అనలేదు.

ఇంతకీ, చిత్రహింసల నిషేధంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం పెట్టింది. ఇంతవరకు ధ్రువీకరించలేదు.