జీరో గారి డబుల్ కా మీఠా

బిర్యానీ సెంటర్లో ఒకాయన ఫ్యామిలీ ప్యాక్ కట్టించుకున్నాడు. పైన డబుల్ కా మీఠా రెండు కప్పులు. ఆనక ఫ్రిజ్ వైపు వేలు చూపిస్తూ, "తమ్ముడూ, కూల్‌డ్రింకు మాత్రం డైటుదే ఇవ్వు. షుగరుంది" అన్నాడు.

క్యాన్ మీద 'జీరో' అని ఉంటే పక్కనున్న ప్లేటు కూడా సున్నా అయిపోతుందని లెక్క!

బరువు తగ్గడానికి, డైట్ డ్రింకుల్లో పంచదార బదులు వాడే తీపి సరుకును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో చెప్పింది. అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదనీ అంది. మన బిర్యానీ పెద్దాయన ఆ ఒక్క ముక్కే విన్నట్టున్నాడు.

అదే ఏడాది జులైలో, ఆ తీపి సరుకుల్లో ఒకటైన ఆస్పర్టేమ్‌ను 'క్యాన్సర్ కారకం కావచ్చు' జాబితాలో చేర్చారు. అదే రోజు ఇంకో కమిటీ, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదంది. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకు 9 నుంచి 14 క్యాన్లకు పైనే తాగాలట. అన్ని తాగేవాడు బాత్రూం దాటి బయటికి రాగలిగితే కదా!

ఇక పేరు చూసి మోసపోయే ఇంకో సరుకు 'డైజెస్టివ్' బిస్కెట్లు. ప్యాకెట్టు ముందు నిగనిగలాడే గోధుమ కంకి. వెనక, చాలావాటిలో, చీమ తలకాయంత అక్షరాల్లో మైదా, పంచదార, పామాయిలు.

పెద్దాయన డబ్బులిచ్చి రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. "మీఠాలో పాకం తక్కువైనట్టుంది, కాస్త పొయ్యి తమ్ముడూ."