అణాల తాతయ్య

వీధికొక అణాల తాతయ్య ఉంటారు. ఒకప్పుడు బట్టలకొట్టు గుమస్తా. ఇప్పుడు సాయంత్రంపూట అరుగు మీద కూర్చుని, హోంవర్కుతో కనబడ్డ పిల్లాడినల్లా పిలిచి నోటుబుక్కు లాక్కుంటారు. నయాపైసలు దేశంలోకి 1957లో వచ్చాయి గానీ, ఈయన లెక్కలోకి ఇంకా రాలేదు.

"లక్ష్మి దగ్గర 5¼ మీటర్ల గుడ్డ ఉంది. 2¾ మీటర్లతో లంగా కుట్టించుకుంది. మిగిలిందెంత?" అని చదువుతాడు కుర్రాడు.

"పన్నా ఎంతట?"

"అది ఇవ్వలేదు తాతయ్యా."

"పన్నా తెలీకుండా గుడ్డ ఎలా కొన్నార్రా? ఇంతకీ లక్ష్మి పొడగరా, పొట్టా?"

వీడి ఏడుపుమొహం చూసి చివరికి "రెండున్నర, రాసుకో" అంటారు. పెన్ను పట్టింది లేదు. పావులోంచి ముప్పావు పోదు గనక ఒక మీటరును పదహారణాలు చేసి, ఉన్న నాలుగూ కలిపి, ఇరవైలోంచి పన్నెండు తీసేస్తే ఎనిమిదణాలు, అంటే అర. ఇదంతా వక్కపలుకు నోట్లో పడేలోపే.

టీచరుకి మాత్రం జవాబుతో సరిపోదు. అపక్రమ భిన్నాలు చేసి 21/4లోంచి 11/4 తీసి, 10/4ని మళ్లీ మిశ్రమ భిన్నంగా మార్చాలి. "ఇన్ని మెట్లు మేం ఎక్కేలోపు కొనేవాడు పక్కకొట్టు మెట్లెక్కేసేవాడు" అంటారు తాతయ్య.

ఆయన పద్ధతిని తీసిపారేయడానికి లేదు. రూపాయిని పదహారు చేసినవాడెవడో గానీ అరకీ, పావుకీ, బేడకీ, అణాకీ అప్పుడే క.సా.గు. కట్టిపెట్టాడు. మూడోవంతు అడిగినా బెదరరు, "ఐదణాల నాలుగు దమ్మిడీలు" అంటారు.

చిక్కల్లా ఐదోవంతుతోనే. పుస్తకంలో "3⅖ లీటర్ల పాలు" కనబడిందా, లెక్క రాసినాయనకు మూడినట్టే. "ఐదోవంతు పాలు పోసేవాడెవడ్రా? ఈయన జన్మలో పాలు కొన్నట్టు లేడు!"

"మనింటికొచ్చే చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లే కదా తాతయ్యా, అది ఐదోవంతేగా?"

సరిగ్గా అప్పుడే ఆయనకి బీపీ మాత్ర గుర్తొస్తుంది. డాక్టరు రాసింది రోజుకి అర మాత్ర. విరిస్తే ఒక ముక్క ముప్పావు, రెండోది పావు. "రెండ్రోజులకీ కలిపి ఒకటేగా" అని పెద్దముక్క నోట్లో వేసుకుని, చిన్నదాన్ని రేపటికి పొట్లం కడతారు.