గేమ్ డిజైన్ పేపర్‌కు టీకా తాత్పర్యం

మూలం

ఆట చేయు విద్య కరువది పై పది
రాతలోనె మార్కు రాలు నయ్య
పాచికెన్నడేని పట్టని వాడైన
పాసు కాగవచ్చు బట్టి పట్టి

ప్రతిపదార్థం

ఆట చేయు విద్యకు = బీటెక్ పిల్లలు గేమ్ డిజైన్ అనే పేపర్‌కు; అరువది పై పది = డెబ్బై; రాతలోనె = బుక్‌లెట్ నింపడంలోనే; మార్కు రాలును = పేజీల బరువును బట్టి పడును; అయ్య = ఓ ఎక్స్‌టర్నల్ గారూ; పాచిక ఎన్నడేని పట్టని వాడైన = గవ్వ కూడా వేసి ఎరుగనివాడైనా (సెల్లులో లూడో లెక్కలోకి రాదు); బట్టి పట్టి = పరీక్ష ముందు రాత్రి గైడు నమిలి; పాసు కాగవచ్చు = గట్టెక్కవచ్చు.

తాత్పర్యం

కాకినాడ జేఎన్‌టీయూ ఆర్20 నిబంధనల లెక్కలో థియరీ పేపరంటే ఇంటర్నల్ 30, ఎక్స్‌టర్నల్ 70. ఐదు యూనిట్లు, యూనిట్‌కో 14 మార్కుల ప్రశ్న, పక్కనే 'లేదా'. గేమ్ డిజైన్‌ను ఈ చట్రంలో కూర్చోబెడితే వచ్చే ప్రశ్న: ఎం.డి.ఏ. (మెకానిక్స్, డైనమిక్స్, ఈస్తటిక్స్) పద్ధతిని వివరింపుము. హునికీ, లెబ్లాంక్, జుబెక్ 2004లో ఆ వ్యాసం రాశారు. డిజైనర్ చేతిలో ఉండేది నియమాలే, ఆనందమో విసుగో దక్కేది ఆడేవాడికి, రెంటికీ మధ్య ఏం జరుగుతుందో చూసుకోవాలని అందులో ఉంది. మనవాడు మూడక్షరాలకు మూడు సైడ్ హెడింగులు పెట్టి, స్కేలు ఆనించి గీతలు కొట్టి, 12 తెచ్చుకుంటాడు. ఇంతకీ ఆట ఎవరైనా ఆడారా అంటే, లేదు.

విశేషాలు

పూర్వపక్షి అడుగుతాడు: రాయించకపోతే వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది?

దీనికి జవాబు రాజమహేంద్రవరంలోనే ఉంది. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ సభాపర్వంలోని జూదాన్నీ, అరణ్యపర్వంలోని నలుడి కథనూ తెనిగించాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు. రాజు దారిలో ఒక చెట్టును చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు 'చిత్తం' అనలేదు. రథం ఆపి, చెట్టు కూల్చి, లెక్కపెట్టాడు. లెక్క సరిపోయాకే ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల మర్మం, నేర్చుకున్నాడు. మూల కథలో అది తాండ్ర చెట్టు. పాతకాలంలో పాచికలుగా వాడింది ఆ కాయల్నే. ఇంతకు మించిన ప్రాక్టికల్ ఎగ్జామ్ నాకు తెలియదు.

మన కాలేజీల్లో చెట్లు కొట్టక్కర్లేదు, సుద్దముక్క చాలు. పులి-మేక గీయించండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల్ని పది చేసి, ఆట మళ్లీ సమానంగా సాగేలా ఏదో ఒక నియమం మార్చమనండి. ఆ నియమాలను ఒకే కాగితం మీద రాయించి, ఆ క్లాసు ముఖం ఎరుగని ఇద్దరు జూనియర్ల చేతికివ్వండి. రాసినవాడు పక్కనే కూర్చోవాలి, నోరు మెదపకూడదు. అదీ పరీక్ష. నాలుగో ఎత్తుకి జూనియర్ చింతపిక్క గాల్లో పట్టుకుని ఆగిపోతాడు: 'ఈ పులి మూల నుంచి దూకొచ్చా?' కాగితం తిప్పి చూస్తాడు, లేదు. రాసినవాడి నోట్లో నువ్వుగింజ నానడం లేదు, అయినా చెప్పడానికి వీల్లేదు. ఎగ్జామినర్ పెన్ను తియ్యాల్సింది అక్కడ. ఆట తేలిపోయినందుకు కాదు, తర్వాత రాసినవాడు ఆ కాగితంలో ఏ వాక్యం కొట్టేసి ఏది రాశాడో దానికి మార్కులు. మొదటి కాగితం, దిద్ది రాసిన కాగితం రెండూ కలిపి పిన్ను కొట్టించాలి. మొదటిది చించేసినవాడికి సున్నా.

కాబట్టి 'రాతలోనె' అన్న కవి పూర్తిగా తప్పు కాదు. ఎవరి కోసం రాయాలో చెప్పలేదంతే.

పాఠాంతరం

నాలుగో పాదంలో 'బట్టి పట్టి'కి బదులు 'బోర్డు గీసి' అని ఒక సీనియర్ రికార్డు అట్ట మీద కనిపిస్తుంది. పా-బో యతి కుదరదు, పండితులు ఒప్పుకోరు. క్లాసులో నేను చదివేది మాత్రం అదే.